పురుగులనూ రైతులనూ గురువులుగా ఎంచుకున్న ఆల్బర్ట్ హోవార్డ్

కోవిల్‌పట్టి నుండి సాత్తూరు మీదుగా విరుదునగరం వరకు సాగే దారికి ఇరువైపులా కనిపించేది నల్లరేగడి. తమిళులు దీనిని కరిసల్ అంటారు. తరతరాల క్రితం ఈ ప్రాంతానికి వచ్చి స్థిరపడిన మన తెలుగు కుటుంబాలవారూ ఆ మాటనే వాడుకుంటున్నారు. ఈశాన్య రుతుపవనాన్ని నమ్ముకుని పురట్టాసి మాసంలో విత్తే ఈ నేలలో మిరప, ధనియాలు, ఉల్లి ఒకే చేనిలో పెరగడం, పత్తి సాళ్ల నడుమ మినుము ఉండడం పాత ఆచారం. తమిళంలో ఊడుపయిర్ అనీ, తెలుగులో అంతర పంట అనీ పిలిచే ఈ పద్ధతిని వ్యవసాయ శాస్త్రం చదువుకున్నవారు చాలాకాలం అజ్ఞానంగా పరిగణించారు. చేనంటే ఒకే పంట, ఒకే ఎత్తు, ఒకే వరుస అని వారి అభిప్రాయం. అటువంటి అభిప్రాయం గల వర్గం నుండే వచ్చి, ఉన్నతమైన సర్కారు ఉద్యోగంలో ఉండి కూడా, మన రైతు మిశ్రమ చేను ముందు విద్యార్థి వలె నిలిచిన ఆంగ్లేయుడు సర్ ఆల్బర్ట్ హోవార్డ్. పురుగుమందు కోసం దుకాణంలో ఖాతా పెరుగుతున్న కూరగాయల రైతు కుటుంబాలు ఈయన జీవితాన్ని తెలుసుకోవడం ఎంతైనా అవసరం.

హోవార్డ్ 1873లో ఇంగ్లండులోని ష్రాప్‌షైర్ ప్రాంతంలో, బిషప్స్ కాజిల్ అనే ఊరిలో ఒక రైతు కుటుంబంలో జన్మించారు. లండన్ నగరంలోను, అనంతరం కేంబ్రిడ్జ్ విశ్వవిద్యాలయంలోను ప్రకృతి శాస్త్రాలను అభ్యసించారు. రైతు బిడ్డ కావడం చేత నాగలి తెలిసినవాడు, కేంబ్రిడ్జ్ విద్య చేత సూక్ష్మదర్శిని తెలిసినవాడు. ఈ రెండింటి మధ్య ఎంత దూరమున్నదో ఆయనకు మొదటి ఉద్యోగంలోనే బోధపడింది.

1899లో ఆయన వెస్టిండీస్ దీవులలోని బార్బడోస్‌లో శిలీంధ్ర శాస్త్రవేత్తగా చేరారు. చెరకు మొదలైన పంటలకు వచ్చే తెగుళ్లను పరిశీలించి, తోటల యజమానులకు సలహాలివ్వడం ఆయన విధి. అయితే ఆ సలహాలను తానే పాటించి ఫలితం చూసుకోవడానికి ఆయనకు సెంటు భూమి కూడా లేదు. తాను స్వయంగా పండించని పంటకు వైద్యం చెప్పడం ఆయనకు రుచించలేదు. 1902లో ఆ ఉద్యోగం వదలి, మరుసటి ఏడు ఇంగ్లండులోని వై అనే ఊరి వ్యవసాయ కళాశాలలో చేరారు. అక్కడ హాప్స్ అనే తీగ పంటను గురించి కృషి చేశారు. బీరు తయారీలో వాడే ఈ తీగలలో మగ మొక్కలు, ఆడ మొక్కలు వేరువేరుగా ఉంటాయి. రైతులు మగ మొక్కలను పీకివేసేవారు. వాటిని ఉండనిచ్చి సహజ పరాగ సంపర్కం జరిగితే పంట వేగంగా ఎదగడమే గాక తెగులునూ పేనుబంకనూ మెరుగ్గా తట్టుకొంటుందని హోవార్డ్ గమనించారు. ప్రకృతి క్రమాన్ని భంగపరచిన చోటనే పురుగు బలపడుతుందనే ఆలోచనకు బీజం ఇక్కడ పడింది.

ఆయన జీవితంలో నిజమైన చదువు మాత్రం మన దేశంలోనే జరిగింది. లార్డ్ కర్జన్ కాలంలో, ఫిప్స్ అనే అమెరికా సంపన్నుడు ఇచ్చిన విరాళంతో, బీహారులోని పూసా గ్రామంలో ఒక పెద్ద వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడింది. 1905లో హోవార్డ్ అక్కడ ఆర్థిక వృక్ష శాస్త్రవేత్తగా నియమితులయ్యారు. ఆ సంవత్సరమే గాబ్రియేల్ మథేయీ అనే విదుషిని వివాహమాడారు. ఈమె పేరును చాలామంది వ్యాసకర్తలు ఒక వాక్యంతో దాటవేస్తారు. అది న్యాయం కాదు. ఆకులు బొగ్గుపులుసు గాలిని గ్రహించడంపై ఉష్ణోగ్రత ప్రభావాన్ని గురించి కేంబ్రిడ్జ్‌లో ఆమె చేసిన పరిశోధన ఆ శాస్త్రంలో మొదటి వరుసలో నిలిచినది. పూసాలోను, తరువాత ఇందూరులోను జరిగిన ప్రతి ప్రయోగంలో ఆమె సమ భాగస్వామి. భార్యాభర్తలిరువురూ కలిసి రూపొందించిన పూసా 4, పూసా 12 గోధుమ రకాలు ఉత్తర భారతమంతటా వ్యాపించాయి.

పూసాలో ప్రతి శాస్త్రానికి ఒక విభాగం ఉండేది. పురుగులకు ఒకరు, తెగుళ్లకు ఒకరు, రసాయనాలకు ఇంకొకరు అధికారులు. హోవార్డ్ సుమారు 75 ఎకరాల భూమిని తన స్వాధీనంలోనికి తీసుకుని పంటలు వేశారు. అప్పుడు ఒక విషయం ఆయన కంటబడింది. పరిశోధన క్షేత్రంలో పురుగుల కోసం ఒక విభాగమే పనిచేస్తుండగా, గోడకు ఆవల ఉన్న పల్లె రైతుల చేలలో మందు అన్న మాటే లేదు. అయినా పంటలు ఆరోగ్యంగా ఉన్నాయి. ఆయన తన సహోద్యోగులను అడగడం మాని పల్లె రైతులను గమనించనారంభించారు. పురుగు, రైతు — ఈ ఇద్దరే తన ఆచార్యులని నిర్ణయించుకున్నారు. ఎక్కడ సాగులో తప్పున్నదో పురుగు చూపిస్తుంది. ఆ తప్పు ఎలా సరిదిద్దుకోవాలో రైతు చూపిస్తాడు. ఇంగ్లీషు పాలన గట్టిగా ఉన్న రోజులలో ఒక దొర ఈ మాట బహిరంగంగా ఒప్పుకోవడం సామాన్య విషయం కాదు.

ఆయన గమనించినవాటిలో ముఖ్యమైనది మిశ్రమ సాగు. గంగా మైదానంలో రైతు జొన్న, సజ్జ వంటి చిరుధాన్యాలతోనో మొక్కజొన్నతోనో కందిని కలిపి వేస్తాడు. గోధుమ, బార్లీ పంటలతో కూడా ఏదో ఒక పప్పుధాన్యం జతగా ఉంటుంది. అడవిలో ఒకే జాతి చెట్టు మైళ్ల కొద్దీ ఉండదనీ, ప్రాచ్య దేశాల రైతు ఆ అడవి సూత్రాన్నే తన చేనికి తెచ్చుకున్నాడనీ హోవార్డ్ గ్రహించారు. అంతటితో ఆగలేదు. మొక్కల పక్కన గోతులు తవ్వించి, మట్టిని నీటితో మెల్లగా కడిగించి, వేర్లు ఎలా పరచుకున్నాయో చూశారు. కంది వేరు లోతుకు దిగి అడుగు మట్టిని చీల్చుతుంది. తృణధాన్యం వేరు పైపొరలో అల్లుకుంటుంది. పైన పక్కపక్కనే కనబడే రెండు మొక్కలు నేల లోపల వేరువేరు అంతస్తులలో కాపురముంటున్నాయి. దీనిని ఏ బడిలోనూ చదవని రైతు ఎలా తెలుసుకున్నాడు? పక్కపక్కన పడిన రెండు విత్తనాలలో ఏవి కలిసి బ్రతికాయో, ఏవి బ్రతకలేదో ఎన్నో తరాలు చూచి ఏరుకున్నాడు. ప్రయోగమంటే అదే కదా!

1910 నాటికి, అంటే అయిదేళ్ల శిష్యరికంతో, పురుగుల శాఖ సహాయం గాని, కృత్రిమ ఎరువులు గాని, పిచికారీ యంత్రాలు గాని లేకుండా దాదాపు తెగులు లేని పంటలు పండించడం తనకు అలవడిందని ఆయన తరువాతి కాలంలో రాసుకున్నారు. తన ఎడ్లను కూడా ఇదే విధంగా పెంచారు. మంచి పచ్చిమేత, శుభ్రమైన కొట్టం ఇచ్చి, గాలికుంటు సోకిన పక్క పశువులతో అవి ముట్టె రాసుకుంటున్నా ఆపలేదు. ఎడ్లకు వ్యాధి సోకలేదట. దీనిని మన పాఠకులు ప్రయత్నించవద్దని మనవి. గాలికుంటుకు టీకా ఉన్నది, వేయించవలసినదే.

వేసవులలో ఆయన బెలూచిస్తాన్‌లోని క్వెట్టాలో పండ్ల తోటలను చూసుకునేవారు. అక్కడి పీచ్ చెట్లకు పేనుబంక పట్టేది. చలికాలంలో అతిగా నీరు కట్టిన తోటలలోనే ఇది విజృంభిస్తున్నదని గుర్తించి, నేలను లోతుగా గుల్లపరచి వేర్లకు గాలి అందేలా చేశారు. తరువాత అదే కొమ్మపై వచ్చిన కొత్త ఆకులను పేను ముట్టలేదు. పాత ఆకుల మీద పురుగు ఉంది, పైన కొత్త ఆకు శుభ్రంగా ఉంది. పురుగు రాకకు పురుగు ఒక్కటే కారణం కాదనడానికి ఆయనకు ఇంతకన్న సాక్ష్యం అక్కరలేకపోయింది.

ఇటువంటి మాటలు పూసాలోని ఇతర శాఖల వారికి నచ్చలేదు. తమ పరిధిలోనికి వృక్ష శాస్త్రవేత్త ఎందుకు వస్తున్నాడని వారి అభ్యంతరం. పంటను విభాగాలుగా కోసి చూడడం వలన ఎవరికీ పంట మొత్తంగా కనబడడం లేదని ఆయన సమాధానం. చివరకు ఆయన పూసాను వదలి, 1924లో మధ్య భారతంలోని ఇందూరులో హోల్కరు సంస్థానం ఇచ్చిన సుమారు 300 ఎకరాలలో, కేంద్ర పత్తి సంఘం ధన సహాయంతో ఒక కొత్త సంస్థను నెలకొల్పారు.

ఇక్కడి నుండి కథ మన ప్రాంతానికి దగ్గరవుతుంది. ఇందూరు నేల కూడా నల్లరేగడియే, పంట కూడా పత్తియే. వాన పడితే జిగట, ఎండితే నెర్రెలు. నీరు నిలిచిన చోట వేరుకు గాలి అందక మొక్క పసుపుబారడం, ఆపై పురుగు చేరడం కరిసల్ రైతుకు కొత్తగా చెప్పనక్కరలేదు. హోవార్డ్ ముందుగా చేసిన పని నీరు పోయే దారులు సరిచేయడం. రెండవది, నేలకు తిరిగి సేంద్రియ పదార్థం చేర్చడం. పేడ పిడకలై పొయ్యిలోనికి పోతున్నది కనుక కొంచెం పేడతోనే ఎక్కువ ఎరువు కావాలి. పత్తి కట్టెను బండ్ల దారిపై పరచి చక్రాల క్రింద నలిపించారు. కంది కట్టె, కలుపు, ఎండుటాకులు, పశువుల మూత్రం ఇంకిన కొట్టం మట్టి, పొయ్యి బూడిద — అన్నిటినీ పేడ నీళ్లతో కలిపి, నిస్సారమైన గోతులలో పొరలుగా వేసి, మూడుమార్లు తిరగవేస్తే 90 రోజులలో నల్లని ఎరువు సిద్ధమయ్యేది. ఇదే ఇందూరు పద్ధతి. 1931లో దీనిని వివరించిన గ్రంథాన్ని యశ్వంత్ వాడ్ అనే సహచరునితో కలిసి ప్రచురించారు. ప్రపంచమంతా హోవార్డ్ పేరు చెప్పుకున్నంతగా వాడ్ పేరు చెప్పుకోలేదు. పద్ధతికి మూలమైన పల్లె రైతుల పేర్లు అసలే ఎక్కడా లేవు.

1930లో గాబ్రియేల్ మరణించారు. మరుసటి సంవత్సరం హోవార్డ్ ఉద్యోగ విరమణ చేసి స్వదేశానికి వెళ్లారు. కొంతకాలానికి గాబ్రియేల్ చెల్లెలు లూయిస్‌ను వివాహమాడారు. 1934లో సర్ బిరుదు లభించింది. 1940లో వెలువడిన ఆయన వ్యవసాయ మహా గ్రంథం ఇంగ్లండులోను, అమెరికాలోను సేంద్రియ వ్యవసాయోద్యమానికి పునాదిగా నిలిచింది. 1947లో, మనకు స్వాతంత్ర్యం వచ్చిన రెండు మాసాలకు, ఆయన కన్నుమూశారు. ఆయన భారతదేశంలో చేసిన కృషిని లూయిస్ 1953లో గ్రంథస్థం చేశారు.

హోవార్డ్ చెప్పినదంతా వేదవాక్యమని ఈ వ్యాసకర్త అభిప్రాయం కాదు. నేల బాగుంటే పురుగు రాదన్న ఆయన నమ్మకం మితిమీరినది. 2021లో ఆంధ్ర, తెలంగాణ మిరప తోటలపై విరుచుకుపడిన కొత్త రకం తామర పురుగు మంచి నేల, చెడ్డ నేల అని చూడలేదు. మరొక లోపం కూడా ఉన్నది. మిశ్రమ చేనిలో వేర్లు ఎలా సర్దుకుంటాయో ఆయన తవ్వి చూపించారే గాని, ఆకుల మధ్య పురుగు ఎలా దారి తప్పుతుందో విడదీసి చెప్పలేదు. ఆ పని తరువాతివారు చేశారు.

1973లో అమెరికాలోని కార్నెల్ విశ్వవిద్యాలయానికి చెందిన రిచర్డ్ రూట్ అనే శాస్త్రవేత్త క్యాబేజీ జాతి ఆకుకూరను ఒకచోట విడిగాను, మరొకచోట ఇతర మొక్కల నడుమను పెంచి చూశారు. ఒకే పంటగా ఉన్న చోట దానిని తినే పెంకు పురుగులు ఎక్కువగా చేరాయి. విందంతా ఒకే పందిరి క్రింద ఉంటే పిలవని చుట్టం కూడా కదలడు! 2000లో ఇంగ్లండులో ఫించ్, కోలియర్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మరింత సూక్ష్మమైన విషయం చెప్పారు. క్యాబేజీ వేరును తొలిచే ఈగ, గ్రుడ్డు పెట్టే ముందు ఆకుపై వాలి, కాళ్లతో రుచి చూసి, లేచి మరల వాలుతుంది. వరుసగా కొన్నిమార్లు సరియైన ఆకు తగిలితేనే గ్రుడ్డు పెడుతుంది. నడుమ వేరొక పచ్చని ఆకు తగిలితే లెక్క చెడి ఎగిరిపోతుంది. ఘాటైన వాసన గల మొక్కను నాటితే పురుగు పారిపోతుందని మనవారిలో ఒక నమ్మకమున్నది. వీరి పరిశోధనలో వాసన కన్న ఆ మొక్క పచ్చదనమే ఎక్కువగా పనిచేసింది. కనుక పక్క మొక్క ఔషధ మొక్కే కానక్కరలేదు. ఆకు బాగా కమ్ముకునే కాలం, ప్రధాన పంట లేతగా ఉండే కాలం ఒకటి కావడం ముఖ్యం.

మన కూరగాయలకు తగిన జతలను బెంగళూరులోని భారతీయ ఉద్యాన పరిశోధన సంస్థ వంటివి ప్రయోగాలతో నిర్ధారించాయి. టమాట 14 నుండి 16 వరుసలకు ఒక వరుస పొడుగు రకం బంతి నాటాలి. బంతి నారు వయస్సు 40 రోజులు, టమాట నారు వయస్సు 25 రోజులు ఉండగా రెండింటినీ ఒకేసారి నాటితే, టమాట పూతకు వచ్చే వేళకు బంతి కూడా మొగ్గ తొడుగుతుంది. కాయతొలుచు పురుగు తల్లి రెక్కల పురుగు బంతి మొగ్గలనే ఎంచుకుని గ్రుడ్లు పెడుతుంది. బంతి మాలలకు అమ్ముడుపోతుంది కాబట్టి ఆ వరుస వృథా కాదు. క్యాబేజీకి జత ఆవాలు. 25 వరుసల క్యాబేజీకి రెండు వరుసల ఆవాలు. ఒక వరుస క్యాబేజీ నాటుటకు 15 రోజుల ముందు, రెండవది నాటిన 25 రోజుల తరువాత విత్తాలి. డైమండ్ రెక్కల పురుగు ఆవాల మీదకు పోతుంది.

మిరపకు చుట్టూ రెండు మూడు వరుసల జొన్న గాని మొక్కజొన్న గాని ఒత్తుగా వేయడంలో కిటుకు వేరు. వైరస్‌ను మోసుకువచ్చే పేను మొదట ఆ గోడపై వాలి, అక్కడ ముల్లు గుచ్చి, తన నోటికి అంటిన వైరస్‌ను అక్కడే వదిలించుకుంటుంది. గట్టు మీద ఆముదం ఉంటే లద్దె పురుగు దాని వెడల్పాటి ఆకు అడుగున గ్రుడ్ల సముదాయం పెడుతుంది. ఆ ఆకును కోసి నాశనం చేయడం చిన్నపిల్లలు కూడా చేయగల పని. అలసంద మీది పేనుబంకను తినవచ్చిన అక్షింతల పురుగులు పక్క పంటకూ కాపలా కాస్తాయి. ధనియాల పూత మిత్ర పురుగులకు తేనె పెడుతుంది. మిరప చేనిలో ధనియాలు చల్లిన మన పాతతరం రైతు ఆశించినది అదనపు రాబడే కావచ్చును; దానితో పాటు ఈ కాపలా కూడా ఉచితంగా దొరికింది.

అయితే ఎర పంట వేసి మరచిపోవడం కన్న వేయకుండుటే మేలు. ఆముదం ఆకుపై గ్రుడ్లు పొదిగి, లద్దె పురుగులు అక్కడే పెరిగి చేనిలోనికి దిగితే శత్రువుకు అన్నం పెట్టి పిలిచినట్లే. బెండ, పత్తి జత కూడా అటువంటిదే. ఒకే పచ్చదోమ, ఒకే కాయతొలుచు పురుగు రెండింటికీ ఉన్నందున, బెండను ఎరగా వేసేవారు పుచ్చు కాయలను వారం వారం ఏరవలసి ఉంటుంది. ఏరే మనుషులు ఇంటిలో లేనివారు ఈ జత జోలికి పోరాదు. రోజు కూలికి అగ్గిపెట్టెల కర్మాగారానికో, బాణసంచా పనికో పోయే కుటుంబాలు ఎక్కువగా ఉన్న మన ప్రాంతంలో ఇది చిన్న లెక్క కాదు.

కోవిల్‌పట్టిలో 1901 నుండి, అంటే పూసా కన్న ముందునుండే, వ్యవసాయ పరిశోధన కేంద్రమున్నది. మిరపలో కె1, కె2 రకాలు ఇక్కడివే. తంజావూరు ప్రాంతంలోని ఇళంగాడులో 1938లో జన్మించిన నమ్మాళ్వార్ 1963లో ఈ కేంద్రంలోనే ఉద్యోగిగా చేరారు. ఎరువులు కొనలేని, వాన తప్ప నీరు లేని రైతుకు, రసాయనిక ఎరువుల మోతాదులపై జరిగే ప్రయోగాల వలన ప్రయోజనమేమిటన్న ప్రశ్న ఆయనను నిలువనీయలేదు. బార్బడోస్‌లో హోవార్డ్‌కు కలిగిన అసంతృప్తి వంటిదే ఇది. 1969లో ఉద్యోగం వదలివేశారు. ఆ తరువాత కళక్కాడు ప్రాంతంలోని పల్లెలలో పదేళ్లు పనిచేసి, 2013 డిసెంబరులో మరణించేవరకు తమిళనాడంతటా తిరిగి, ఒకే చేనిలో ధాన్యం, పప్పు, నూనె గింజ, పచ్చిరొట్ట కలిపి చల్లే పద్ధతిని రైతులకు చూపించారు. ఆయన సభలలో వెనుక వరుసలలో కూర్చున్న ముసలివారు ఈ మాట తమ తాతలనాటిదేనని ఒకరికొకరు తెలుగులో చెప్పుకోవడం మా ప్రాంతంలో విన్నవారున్నారు.